పట్టుకునే చెయ్యి

పోయిన నెల మా వదినకు కొత్త చెయ్యి కొలతలు తీయించడానికి ఏలూరు వెళ్ళాం. కృత్రిమ అవయవాలు చేసే ఆ కేంద్రంలో ఇప్పుడు బకెట్లు, పిండికట్లు, తడిగుడ్డలు ఏవీ లేవు. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి టార్చిలైటులాంటి పరికరాన్ని వదిన మోచేతి చుట్టూ రెండుసార్లు తిప్పింది. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఆ చెయ్యి బూడిదరంగు బొమ్మలా తేలింది. "అయిపోయిందండీ, మీరిక లేవొచ్చు" అంది. తీరిగ్గా కూచుందామని చీర సర్దుకున్న వదిన మొహం చిన్నబోయింది. "అంతేనా అమ్మా? పొద్దున్నే లేచి వచ్చాం కదా, ఇంకోసారి తిప్పరాదూ" అంది. ఆ అమ్మాయి నవ్వి నిజంగానే ఇంకోసారి తిప్పింది. తిరుగు రైల్లో తాడేపల్లిగూడెం వచ్చేదాకా వదిన కిటికీలోంచి చేలు చూస్తూ కూచుంది. నాకు మాత్రం ఆవిడ మొదటి చెయ్యి కోసం తిరిగిన రోజులు ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి. పన్నెండేళ్ళు దాటాయనుకుంటాను.

మా అన్నయ్యది పెంటపాడు దగ్గర ఒక పల్లె. కొద్దిపాటి వరిపొలం, నాలుగు గేదెలు, వెనక కొబ్బరిచెట్లు. నేను గూడెంలో టీచరుగా పనిచేసేదాన్ని. సెలవొస్తే బస్సెక్కి అక్కడికే పోయేదాన్ని. వదిన నాకంటే రెండేళ్ళు పెద్దది. ఆవిడకు పనిలో ఎంత తొందరో మాటలో అంత నిదానం. ఇంటికి ఎవరొచ్చినా వడ్డన ఆవిడదే. ఎవరి విస్తట్లో కూర తగ్గిందో వంటింట్లోంచే కనిపెట్టేది. "చాలు" అన్న మాట మాత్రం ఆవిడ చెవికెక్కేది కాదు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించేది. వాళ్ళింట్లో భోజనమంటే మా ఆయన ఆ పొద్దున టిఫిన్ మానేసేవారు.

ఆ ఇంట్లో గేదెల కోసం పచ్చగడ్డి ముక్కలు కొట్టే మిషన్ ఒకటుండేది. మోటారు పెట్టి తిప్పేవారు. గడ్డి అందించే చోట చెయ్యి లోపలికి పోకుండా ఒక రేకు అడ్డం ఉండాలి. గడ్డి ఊరికే ఇరుక్కుంటోందని మా అన్నయ్యే ఆ రేకు విప్పి పక్కన పెట్టాడు. వానాకాలంలో ఒకరోజు పొద్దున, తడిగడ్డి వదిన కుడిచేతికి చుట్టుకుని చేతిని కూడా లాక్కుపోయింది. అన్నయ్య పరుగెత్తి స్విచ్చి కట్టేశాడు. అప్పటికే ఆలస్యమైంది. పక్కింటివాళ్ళ కారులో ఏలూరు తీసుకుపోయారు. అతికించే వీలు లేదన్నారు డాక్టర్లు. మోచేతికి నాలుగు వేళ్ళ కిందుగా తీసేశారు. నేను వెళ్ళేసరికి వదినకు మెలకువ వచ్చింది. నన్ను చూసి, "అమ్మాయ్, నా చెయ్యి మీద ఎవరో కూచున్నారు. కాస్త లేవమను" అంది. నేను చూశాను. మంచం మీద ఎవరూ లేరు. ఆవిడ చెప్పిన చోట దుప్పటి చదునుగా పడుంది. "లేచారు వదినా" అన్నాను. "హమ్మయ్య" అని కళ్ళు మూసుకుంది.

అన్నయ్య ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి స్పానరు తీసుకుని ఆ మిషన్ని ముక్కముక్కగా విప్పేశాడట. ఒక్కో బోల్టూ విప్పి వరసగా పేర్చి కూచున్నాడని అమ్మ చెప్పింది. తప్పు నాదేనని అతను ఎవరితోనూ అనలేదు. వదిన కూడా అతన్ని ఏమీ అనలేదు. ఆ రేకు మాట ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

ఇంటికొచ్చాక మొదటి ఇబ్బంది, మిగిలిన ఆ చేతిని ఏమని పిలవాలన్నది. ఫిజియోథెరపీ అమ్మాయి ‘స్టంప్’ అనేది. మా అమ్మ ‘ఆ పక్క’ అనేది. "ఆ పక్కకి నూనె రాశావా?" అంటే వదిన ఎడమ పక్కకో కుడి పక్కకో తేల్చుకోలేక చూసేది. అన్నయ్య పేరు పెట్టకుండా కళ్ళతోనే చూపించేవాడు. చివరికి వదినే ఒకరోజు ‘చిన్నచెయ్యి’ అంది, అదే ఖాయమైంది. ఆ చిన్నచేతికి రోజూ సాగే గుడ్డపట్టీ ఏటవాలుగా చుట్టాలి, వాపు తగ్గి సన్నగా ఒక ఆకారానికి రావాలని. మొదట దూదితో, తర్వాత తువ్వాలుతో, ఆ తర్వాత గోనెగుడ్డతో రుద్దాలి, తాకిడికి అలవాటు పడాలని. వీటన్నిటికంటే కష్టం, లేని వేళ్ళ నొప్పి. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి గోరు దిగుతోందని ఏడ్చేది. లేని వేలిని ఎవరు తెరుస్తారు? దానికి ఆ ఫిజియోథెరపీ అమ్మాయి ఒక అద్దం ఉపాయం చెప్పింది. చిన్నచేతిని అద్దం వెనక దాచి, ఎడంచేతిని అద్దం ముందు పెట్టి, అందులో కనిపించే చేతిని చూస్తూ గుప్పిట తెరవాలి, ముయ్యాలి. చూసే కళ్ళకు రెండు చేతులూ తెరుచుకున్నట్టే ఉంటుంది. మా అన్నయ్య గోడనున్న అద్దం తీసి రోజూ రెండుపూటలా మోకాళ్ళ మీద కూచుని దాన్ని పట్టుకునేవాడు. మంచినీళ్ళు కూడా చేతికందిస్తే తప్ప తాగని మనిషి అరగంటసేపు కదలకుండా కూచునేవాడు. "తెరుచుకుందా?" అని అడిగేవాడు. "కొంచెం" అనేది వదిన. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలు దాదాపు అంతే.

నొప్పి తగ్గుముఖం పట్టింది గానీ తిండి దగ్గర సమస్య వచ్చింది. ఎడంచేత్తో తినడం వదినకు సిగ్గు. అందరూ తిన్నాక వంటింట్లో గోడవైపు తిరిగి స్పూనుతో నాలుగు మెతుకులు నోట్లో వేసుకునేది. అలికిడైతే పళ్ళెం పక్కకు తోసేసేది. ఆవిడ బెదురు ముఖ్యంగా మా అమ్మ గురించి. ఎడంచేత్తో అగ్గిపెట్టె అందించినా ఊరుకోని మనిషి మా అమ్మ. మా చిన్నతనంలో ఆ అలవాటు మాన్పించడానికి మా వీపులు బాగానే ఉపయోగపడ్డాయి. ఒకరోజు బడికి మధ్యాహ్నం నుంచి సెలవిస్తే చెప్పకుండా వెళ్ళాను. వెనక వసారాలో అమ్మ ఒక్కతే పళ్ళెం ముందు కూచుని ఉంది. కుడిచేతిని వీపు వెనక పెట్టుకుని పైటచెంగుతో నడుముకు బిగించి కట్టుకుంది. ఎడంచేత్తో పప్పన్నం కలుపుతోంది. గడ్డానికి పప్పు, ఒళ్ళో మెతుకులు. ఒక కోడిపెట్ట చుట్టూ తిరుగుతూ రాలినవి ఏరుకుంటోంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"నెమ్మదిగా అనవే, అది వింటుంది" అంది. "ఇన్నాళ్ళబట్టీ ఎలా తింటోందో చూద్దామని. ముద్ద నోటిదాకా రావట్లేదే తల్లీ! వేళ్ళు ఒకటి చెబితే ఒకటి చేస్తున్నాయి."

తల తిప్పేసరికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. అమ్మ కంగారు పడలేదు. "అలా చూస్తావేం? వచ్చి కూచుని, ముద్ద ఎలా కలపాలో చెప్పు" అంది. వదిన వచ్చి అమ్మ పక్కన చతికిలబడింది. అమ్మ పళ్ళెంలోకి చూసింది. తర్వాత మెల్లిగా, "పప్పు గట్టిగా ఉండాలండి అత్తయ్యగారూ. పులుసు పోసుకున్నారనుకోండి, జారిపోద్ది" అంది. నేనింకో పళ్ళెం తెచ్చి పెట్టాను. ఇద్దరూ ఎడంచేతుల్తో తిన్నారు. కోడిపెట్టకు కడుపు నిండింది. ఆ రోజునుంచి వదిన మళ్ళీ అందరితో కలిసి భోజనానికి కూచుంది.

ఆరునెలలకు గాయం పూర్తిగా మాని, చిన్నచెయ్యి కృత్రిమ చెయ్యి తొడుక్కోడానికి తయారైంది. ఏలూరు కేంద్రంలో చేతులు చేసేది యాభై దాటిన ఒక సాయిబుగారు. వాళ్ళ తాతతండ్రులు ఏలూరులో తివాచీలు నేసినవాళ్ళట. ఆయన వేళ్ళు చూస్తే ఆ సంగతి తెలిసిపోయేది. దారం ముక్క దొరికితే చాలు, మాట్లాడుతూనే దానికి ముడి వేసేసేవారు. మొదటిరోజు ఆయన కొలత తీసుకోలేదు, కాగితాలు చూడలేదు. "ఈ చేత్తో ఏమేం చేసేవారో చెప్పండమ్మా" అన్నారు.

"అన్నీనండి" అంది వదిన.

"అన్నీ అంటే నావల్ల కాదమ్మా. మూడు చెప్పండి."

వదిన ఎడంచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ చెప్పింది. "వడ్డించాలండి. జడ వేసుకోవాలి. గేదె పాలు తియ్యాలి."

"మొదటిదానికి నాది పూచీ. రెండోది మీరూ నేనూ కష్టపడాలి. మూడోది గేదెనడగాలండి" అన్నారాయన. ఆసుపత్రికి వెళ్ళిన తర్వాత వదిన పైకి నవ్వడం అదే మొదలు.

తర్వాత తడిపిన పిండికట్టు చిన్నచేతికి చుట్టారు. మొదట చల్లగా ఉండి, గట్టిపడేకొద్దీ వెచ్చబడుతుందది. "ఇడ్లీపాత్రలో పెట్టినట్టుందమ్మాయ్" అంది వదిన. ఆ అచ్చు మీద చేతి తొడుగు తయారవుతుంది. దాని చివర ఏం పెట్టాలన్న దగ్గర నేను తప్పు చేశాను. సాయిబుగారు రెండు చూపించారు. ఒకటి ఇనుప కొక్కెం. రెండు వేళ్ళలా ఉండి, భుజం ముందుకు కదిపితే వీపు మీదుగా వచ్చే తీగె లాగి తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. రెండోది రబ్బరు చెయ్యి. గోళ్ళు, గీతలు, నరాలు అన్నీ ఉన్నాయి. అయితే అది కదలదు. "చూడ్డానికి ఇది, పనికి అది" అన్నారాయన. కొక్కెం నాకు నచ్చలేదు. మా వదిన దాన్ని తగిలించుకుని పెళ్ళిళ్ళకు రావడమేంటని రబ్బరు చేతికే పట్టుబట్టాను. అన్నయ్య తలూపాడు. వదిన ఏమీ అనలేదు. రంగులకార్డులో మా చేలగట్ల ఎండకు సరిపోయే రంగు లేదు. ఉన్నవాటిలో ఒకటి మరీ నలుపు, ఒకటి మరీ తెలుపు. తెల్లదే ఎంచింది కూడా నేనే. వదిన దాన్ని తన ఎడంచేతి పక్కన పెట్టి చూసుకుని, "పాపం, దీన్ని నీడపట్టున పెంచినట్టున్నారు" అంది.

ఆ చెయ్యి వేసుకుని అత్తిలిలో మా బంధువులింట్లో పెళ్ళికి వచ్చింది. పైట కప్పుకుంటే ఎవరూ గుర్తుపట్టలేదని నేను మురిసిపోతున్నాను. తిరిగి బయల్దేరేటప్పుడు పెళ్ళికూతురి తల్లి బొట్టు పెట్టి తాంబూలం అందించింది. వదిన అలవాటుగా కుడిచెయ్యి చాపింది. ఆ చెయ్యి పుచ్చుకోలేదు. తమలపాకులు రాలిపోయాయి, అరటిపళ్ళు కిందపడ్డాయి, కొబ్బరికాయ కుర్చీల కింద దొర్లుకుంటూ పోయింది. అందరూ మర్యాదగా వేరే వైపు చూశారు. ఎవరో "అయ్యో" అని సగంలో ఆపేశారు. కారెక్కాక వదిన పట్టీ విప్పి, ఆ చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టింది. "నువ్వే ఉంచుకో అమ్మాయ్. నీకు నచ్చింది కదా" అంది. కోపంగా అనుంటే బాగుండేది. మామూలుగా అంది. గూడెం వచ్చేదాకా ఆ తెల్లటి వేళ్ళు నా ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి.

మర్నాడు వదిన ఎవరికీ చెప్పకుండా ఒక్కతే రైలెక్కి ఏలూరు వెళ్ళింది. సాయిబుగారి ముందు కూచుని, "అందమైనది ఇంట్లో ఒకటుందండి. పట్టుకునేది చేసిపెట్టండి" అందట. ఆయన తర్వాత నాతో అన్నారు: "ఆ మాట కోసమే కూచున్నానమ్మా. అది వాళ్ళ నోటినుంచి రావాలి. మనం చెప్పకూడదు."

కొక్కెం వచ్చాక నెలన్నర వదిన మా ఇంట్లోనే ఉండి, వారానికి మూడు రోజులు రైల్లో వెళ్ళి సాధన చేసేది. పుస్తకంలో చదివితే ఇదంతా తేలిక. భుజం కదపాలి, తెరుచుకోవాలి, వదలాలి. నిజంలో మాత్రం భుజం కదిపితే మెడ కదిలేది, నడుం కదిలేది, కొక్కెం తప్ప అన్నీ కదిలేవి. చెక్కముక్కలతో మొదలుపెట్టి ఎండుమిరపకాయలకు వచ్చింది, తర్వాత కోడిగుడ్లకు. గుడ్డు పగలకుండా పట్టుకోవడం పరీక్ష. ఆ వారమంతా మా ఇంట్లో ఆమ్లెట్లే. "మీ వదినగారి చదువు ఎప్పుడవుద్దో" అని మా ఆయన నిట్టూర్చేవారు. నడివేసవి వచ్చింది. తొడుగులో చెమట పట్టి చిన్నచెయ్యి ఒరుసుకుపోయింది. ఒకరోజు దాన్ని విప్పి మేకుకు తగిలించి, "నాకొద్దమ్మాయ్, నేనిలాగే ఉంటాను" అంది. పదిరోజులు అది గోడకే వేలాడింది. అత్తిలి తర్వాత నేను సలహాలు మానేశాను. చివరికి అన్నయ్య వచ్చాడు. మాట్లాడకుండా తన మెత్తటి పాత బనీను చింపి, ఆ చేతికి సరిపడా గొట్టంలా కుట్టి ఇచ్చాడు. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. వదిన వాటిని చూసి, "ఈ కుట్టేంటండీ ఇలా ఉంది, రెండు చేతులుండి కూడా" అంది. ఆ బనీను మీదే మళ్ళీ కొక్కెం తొడుక్కుంది.

గరిటె జారిపోతోందంటే సాయిబుగారు గరిటె కాడకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద తివాచీ ముడులతో దారం బిగించి ఇచ్చారు. ఒక ఆదివారం పల్లెలో మమ్మల్నందర్నీ కూచోబెట్టింది వదిన. ఎడంచేత్తో గిన్నె ఒడిసిపట్టి, కొక్కెంతో గరిటె పట్టి వడ్డన మొదలుపెట్టింది. మొదటి గరిటె సాంబారు సగం మా ఆయన విస్తట్లో, సగం ఆయన మోకాలి మీద పడింది. ఆయన విస్తట్లో పడినదాంతోనే అన్నం కలుపుకున్నారు. రెండో గరిటె మా అమ్మకు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా" అంది. వదిన ఆ చేతి పక్కనుంచి ఇంకో గరిటె పోసేసింది. అమ్మ తల వంచుకుని అన్నం కలుపుకుంటూ, "మళ్ళీ మొదలైందిరా దేవుడా" అంది. కళ్ళు తుడుచుకోవడం మాత్రం మేమందరం చూశాం.

ఆ తర్వాత ఏడాదికేమో, పట్టీ బాగుచేయించుకోడానికి వెళితే అక్కడ బల్ల మీద ఒక కొత్త కొక్కెం చెయ్యి కనిపించింది. "ఇది ఎవరిదండి?" అంది వదిన. కొల్లేరు లంకల్లో చేపలచెరువు కాపలా కాసే ఒకతనిదట. చెరువులో గాలి పట్టించే మిషన్ వైరు పట్టుకుని కుడిచెయ్యి కాలిపోతే తీసేశారట. ఒకసారి వచ్చి కొలతలిచ్చి మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే తియ్యడు. "మూడు నెలలైందమ్మా" అన్నారు సాయిబుగారు. వదిన ఊరిపేరు అడిగింది. ఆ చేతిని ఒక గుడ్డసంచిలో పెట్టించుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. దారి పొడవునా రెండు వైపులా చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, గుర్రపుడెక్క వాసన, నీళ్ళలో తెల్లగా గూడబాతులు. సంచిలోంచి కొక్కెం బయటికి పొడుచుకొస్తే ఆటో అతను అద్దంలో ఒకసారి సంచిని, ఒకసారి వదిన చేతిని చూసి, "ఒకటి స్పేర్ అండీ?" అన్నాడు.

అతను గట్టు మీద మోటారు షెడ్డు నీడలో కూచుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చొక్కా చెయ్యి కిందికి దింపి ముడి వేసుకున్నాడు. ఇంట్లోకి రావడం లేదని, మనుషులతో మాట్లాడ్డం లేదని, మమ్మల్ని అక్కడికి తీసుకొస్తూ అతని భార్య దారిలోనే చెప్పింది. సంచి చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"ఎందుకమ్మా అది? దాంతో నేను వల విసురుతానా?"

"ఏమో బాబూ, నాకు వల విసరడం రాదు" అంది వదిన. "రెండు చేతులున్నప్పుడు కూడా రాదు."

అతని మొహంలో ఏదో కదిలి ఆగిపోయింది. వదిన గట్టు మీద అతని పక్కన కూచుని, భుజం పట్టీ విప్పి, తొడుగు లాగి, బనీను గొట్టం తీసేసి, చిన్నచేతిని ఒళ్ళో పెట్టుకుంది. ఎండలో కుట్టుగీత మెరిసింది. ఇంకొకరి తెగిన చేతిని చూడటం అతనికి అదే మొదటిసారి అనుకుంటాను, రెప్పవేయకుండా చూశాడు. చాలాసేపయ్యాక, భార్యకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు: "మీకు కూడా... లేని వేళ్ళు దురద పెడతాయా అండి?"

"బొటనవేలా?" అంది వదిన.

"చిటికెనవేలండి." అతను భార్య వైపు ఒకసారి చూశాడు. "ఎవరితోనూ అనలేదండి. నాకు పిచ్చి పట్టిందనుకున్నాను."

"నాకు బొటనవేలు. వానొస్తే మరీను. పిచ్చి కాదు నాయనా, అందరికీ ఉంటుంది. దానికి అద్దం వైద్యం ఉంది, నేను చెబుతాను."

అతను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత వాళ్ళిద్దరూ గట్టు మీద కూచుని, తమకు లేని వేళ్ళ గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. ఏ వేలు ఎప్పుడు తిమ్మిరెక్కుతుంది, ఏది చలికి బిగుసుకుంటుంది, నిద్రలో చాచబోతే ఎలా ఉంటుంది. నేనూ అతని భార్యా ఆ పక్కన రెండేసి చేతులు పెట్టుకుని, మాటల్లో కలవడానికి అర్హత లేనివాళ్ళలా నిలబడ్డాం. మరుసటి వారం అతను ఏలూరు వచ్చాడు. అతను వల విసరలేదు, ఆ మాట నిజమే. కానీ వల అల్లడం పట్టుకున్నాడు. కొక్కేనికి వల కన్ను తగిలించి ఎడంచేత్తో ముడి వేస్తాడు. ఆ ముడి చూసి సాయిబుగారు, "మా ఇంట్లో పుట్టాల్సినవాడు" అన్నారు. అప్పటినుంచి వదిన గురువారాలు ఆ కేంద్రానికి వెళ్ళి, చెయ్యి పోగొట్టుకుని కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూచుంటుంది. పాలు తీసే విషయంలో మాత్రం గేదె ఒప్పుకోలేదు. ఆ పని అన్నయ్య నేర్చుకున్నాడు. జడ ఇప్పటికీ కాస్త ఎడమకు వాలే ఉంటుంది.

మొన్నొకరోజు తోచక వదిన పెళ్ళి గుర్తు చేసుకున్నాను. ఆవిడ తలంబ్రాలు పోస్తుంటే నేను పక్కనే కొబ్బరిచిప్ప పట్టుకుని నిలబడ్డాను. ఆవిడకప్పుడు పంతొమ్మిదేళ్ళు, రెండు చేతులూ మోచేతుల దాకా గోరింటాకుతో ఎర్రగా ఉండి ఉండాలి. ఎంత ప్రయత్నించినా ఆ కుడిచెయ్యి నాకు కనిపించలేదు. అన్నయ్య తల మీద బియ్యం పోస్తున్న ఆ దోసిట్లో ఒకవైపు కొక్కెమే ఉంది, దాని సందుల్లోంచి పసుపు బియ్యం రాలుతున్నాయి, పందిట్లో ఎవరూ వింతగా చూడటం లేదు. కాలం ముందుకే నడుస్తుందనుకున్నాను గానీ, వెనక్కి కూడా వెళ్ళి, మనం అలవాటు పడ్డట్టుగా గతాన్ని సర్దిపెట్టి వస్తుందని ఈ వయసులో తెలిసింది.